పదిన్నర నుంచి పదకొండున్నర దాకా

శ్రీనూ, బాగున్నావా? ఇంట్లో అందరూ బాగున్నారా? నీ మెసేజ్ వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు ఇవ్వలేదని ఏమనుకోకు. "మా జగిత్యాలల కొత్త జిమ్ వడ్డది, పర్సనల్ ట్రైనర్ను పెట్టుకోవాల్నా వద్దా, నువ్వు చేస్తున్నవ్ గద, జర చెప్పు" అని అడిగావు. రెండుసార్లు సగం టైప్ చేసి చెరిపేశాను. నువ్వు అడిగిన వారానికే మా పక్క దుకాణం అన్న పోయాడు. స్టీలు సామాన్ల అన్న. నువ్వు సిరిసిల్ల వచ్చినప్పుడు నేను లేకపోతే నిన్ను తన దుకాణంలో కూర్చోబెట్టి, రెండు చాయ్‌లు తాగించి, పోయేటప్పుడు ఒక టిఫిన్ డబ్బా అంటగట్టి పంపాడే, ఆయన.

దహనం కోరుట్లలో జరిగింది. ఆయన పుట్టిన ఊరు అదే. అక్కడి నుంచి మీ జగిత్యాల ఎంత దూరం? అయినా నీకు ఫోన్ చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదు. ఫోన్ చేస్తే నువ్వు "ఎట్లయింది?" అని అడుగుతావు. ఎట్లయిందో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఇప్పుడు మొత్తం చెప్తున్నాను. నీకే రాస్తున్నా గానీ మన టెన్త్ గ్రూపులో కూడా పెడతాను. అందరం ఒక్క వయసువాళ్లమే, అందరికీ పొట్టలు వచ్చాయి, సగం మంది దుకాణాల్లోనే కూర్చుంటున్నాం. చదవండి.

ముందు మా దుకాణాల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నాది టైలరింగ్ సామాను. దారాలు, గుండీలు, జిప్పులు, చీరలకు ఫాల్స్, జాకెట్లకు లైనింగ్ గుడ్డ. ఆయనది గిన్నెలు, బిందెలు, పళ్లాలు. మధ్యలో ఒక్క గోడ. మా లైన్ చివర మలుపు మీద మేమిద్దరమే, ఎదురుగా సాయిలు చాయ్ హోటల్. పదకొండేళ్లు అట్లనే ఉన్నాం. పెళ్లికి గిన్నెలు కొన్నవాళ్లకు అన్న చిన్న మిషన్‌తో వాటి మీద పేర్లు కొట్టి ఇచ్చేవాడు. గోడ అవతల నుంచి ఆ గర్రుమనే చప్పుడు వస్తుంటే ఆయనకు గిరాకీ బాగుందని నాకు తెలిసేది. చప్పుడు లేకపోతే పోయి కాసేపు కూర్చునేవాణ్ని.

మా దగ్గర పగటిపూట షట్టర్ దింపరు. దింపితే ఎవరో పోయారనో, బంద్ అనో లెక్క. అన్నానికి పోయినా, బ్యాంకుకు పోయినా, పిల్లల బడికి పోయినా పక్కవాడికి "జర జూడు" అని చెప్పి పోవడమే. పక్కవాడు రెండు గల్లాలూ చూసుకుంటాడు. ఇన్నేళ్లలో నా షట్టర్ పగలు దిగింది మా నాన్న పోయినప్పుడు ఒక్కసారే. అన్నకు ఈ విషయంలో పట్టుదల ఎక్కువ. "మూసిన దుకాణం జూసినోళ్లు మల్ల రారు తమ్మీ" అనేవాడు. నేను నమ్మేవాణ్ని. అందరం నమ్మేవాళ్లం.

పోయిన ఏడాది మా వ్యాపారుల సంఘం వాళ్లు ఫంక్షన్ హాల్లో ఉచితంగా పరీక్షలు చేయించారు. నాకు షుగర్ అని తేలింది, ఆయనకు బీపీ. డాక్టరమ్మ ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి తిట్టింది. పొద్దంతా కూర్చునేవాళ్లు, కదలకపోతే పదేళ్లు ముందే పోతారంది. భయపడి మర్నాటి నుంచి పొద్దున్నే ఇద్దరం నడక మొదలుపెట్టాం. నాలుగు రోజులు నడిచాం. ఐదో రోజు మానేశాం.

అప్పుడే మా దగ్గర కూడా బట్టల షాపు పైన జిమ్ పడింది. అన్నే పోయి కనుక్కొని వచ్చాడు.

"ఒక్కొక్కనికి ఒక ట్రైనర్ను ఇస్తరంట తమ్మీ. మన ఎంబడే ఉండి చేపిస్తడంట."

"మనిషిని పెట్టుకొని మరీ చెమట పట్టిచ్చుకునుడేందన్నా," అన్నాను. "ఉట్టిగ నడిస్తె కాదా?"

"నడిసినం గద. రోజు యాడికి పోయినం?"

"మిర్చీల బండికాడికి."

"మరి? గందుకే ఒకడు కావాలె. మనల్ని మిర్చీలకాడికి పోనియ్యకుంట పట్టేటోడు."

దాని మీద వారం రోజులు మాట్లాడుకున్నాం. ట్రైనర్ ఉంటే దెబ్బలు తగలకుండా చేయిస్తాడు, మన ఒంటికి ఏది సరిపోతుందో చూస్తాడు, అదొకటి. ఎవరో ఎదురు చూస్తున్నారంటే పోకుండా ఉండలేం, అదొకటి. ఉత్త జిమ్‌లో చేరితే పదిరోజుల్లో మానేస్తామని ఇద్దరికీ తెలుసు. మా గురించి మాకు తెలియదా?

చిక్కు టైం దగ్గర వచ్చింది. పొద్దున తొమ్మిది దాకా ట్రైనర్‌కు ఖాళీ లేదు. సాయంత్రం మాకు ఖాళీ లేదు. మిగిలింది పదిన్నర నుంచి పదకొండున్నర. అప్పుడు ఇద్దరం పోతే దుకాణాలు ఎవరు చూస్తారు? షట్టర్ దింపి పోదామన్న మాట మా ఇద్దరి నోటా రాలేదు. రాలేదంటే ఆ ఆలోచనే రాలేదు, శ్రీనూ. అన్న ఉపాయం చెప్పాడు.

"మూడు నెల్లు నీయి, మూడు నెల్లు నాయి. నువ్వు పోయినప్పుడు రెండు దుకాణాలు నేను జూస్త. నేను పోయినప్పుడు నువ్వు జూడు."

"ముందుగాల నువ్వు పో అన్నా. పెద్దోనివి."

"నాది బీపీ. గోలీ ఏసుకుంటె ఊకుంటది. నీ పిల్లలు చిన్నోళ్లు. నువ్వు పో."

మొదలుపెట్టడానికి ఇంకో పదిహేను రోజులు ఆగాం. మూఢంలో కొత్త పని పెట్టుకోవద్దని వదిన, అంటే అన్న భార్య, పట్టుబట్టింది. "కడుపు తగ్గించుకునుడు గూడ శుభకార్యమేనా వదినా?" అని నేను అడిగితే, "నీ జిమ్ ఫీజుకే చిన్న పెండ్లంత ఖర్చయింది గద తమ్మీ" అంది. అన్న పళ్లాలు తుడుస్తూ తుడుస్తూ పడీ పడీ నవ్వాడు.

మొదటి వారం ఎట్లా గడిచిందో చెప్పలేను. కుర్చీలో కూర్చుంటే లేవరాదు, లేస్తే కూర్చోరాదు. పై అరలోని జిప్పుల డబ్బా అందుకోలేక టైలర్లను "రేపు రాండ్రి" అని పంపించేవాణ్ని. ఎనిమిదో రోజు మానేద్దామని గట్టిగా అనుకున్నాను. పది ఇరవై ఐదుకు అన్న వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"కుర్చీ ఖాళీ చెయ్."

"ఇయ్యాల వద్దన్నా. కాళ్లు గుంజుతున్నయి."

"కాళ్లు గుంజితె ట్రైనర్‌కు చెప్పు, నాకు జెప్పకు. కుర్చీ ఖాళీ చెయ్."

"ముగ్గురు టైలర్లు సామాను చిట్టీలు పంపిండ్రు."

"నేను గడ్తగని. నీ జిప్పులు నీ కంటె మంచిగ గడ్త. లెవ్వు."

అంతే. ఆయన చేసింది అంతే. రోజూ పది ఇరవై ఐదుకు వచ్చి నా కుర్చీ ఖాళీ చేయించడం. వానపడ్డా, గిరాకీ ఉన్నా, నాకు జ్వరం వచ్చినట్టు అనిపించినా. ట్రైనర్ కుర్రాడు మంచివాడే. వేములవాడ నుంచి రోజూ బస్సులో వస్తాడు, ఓపికతో నేర్పిస్తాడు. కానీ అతని పని నేను మెట్లెక్కి పైకి పోయాకే మొదలవుతుంది. నన్ను మెట్ల దాకా తోసింది అన్న. పట్టుదల అంటారే, మోటివేషన్ అంటారే, నాకు అది ఎప్పుడూ లేదు. నాది పక్క దుకాణంలో ఉండేది.

తిరిగి వచ్చాక వీపు మీద అరచేయి పెట్టి చూసేవాడు. అంగీ తడిగా ఉంటే సాయిలుకు కేకేసి చాయ్ చెప్పేవాడు. పొడిగా ఉంటే, "ఏంది, ట్రైనర్ పండవెట్టి జోకొట్టిండా?" అనేవాడు. చాయ్ లేదు.

మొదటి నెల నేను ఎక్కడికి పోయానో అన్న ఎవరికీ చెప్పలేదు. నా పొట్ట చూసి నవ్వుతారని "బ్యాంకుకు పోయిండు" అనేవాడు. రోజూ బ్యాంకేందని ఒక టైలరమ్మ నిలదీస్తే, "వానికి బ్యాంకుల నౌకరి వచ్చింది, నేనే గీ దుకాణం కొన్న" అన్నాడట. రెండో నెల నుంచి మాత్రం గర్వంగా చెప్పడం మొదలుపెట్టాడు. "కసరత్తుకు పోయిండమ్మా. అచ్చినంక జూడు, గుర్తువట్టవు."

నా దుకాణం పని కూడా నేర్చుకున్నాడు. మొదట్లో మ్యాచింగ్ లైనింగ్ ఇవ్వడం రాక తిట్లు తిన్నాడు. ఒకామె మామిడిపండు రంగు జాకెట్ గుడ్డకు లైనింగ్ అడిగితే పసుపు రంగుది ఇచ్చాడు. సాయంత్రం ఆమె దాన్ని బల్ల మీద విసిరేసి, "అన్నా, నీకు గిన్నెలు తప్ప ఏం గనవడదా?" అంది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా ముక్క పట్టుకొని రోడ్డు మీద ఎండలోకి పోయి రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాడు. షేడ్ కార్డులో నంబర్లు ఆయనకు పట్టేవి కావు. వాటికి ఆయన పేర్లు ఆయనకు ఉండేవి. ముదురు బెండకాయ, నీళ్ల చాయ్, నాని తేలిన పెసర్లు. కొన్నాళ్లకు ఆడవాళ్లు నేను కుర్చీలో ఉంటే, "పెద్దన్న లేడా? ఆయన మంచిగ జూస్తడు" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ రోజు ట్రైనర్ ఏం నేర్పాడో రోజూ చేసి చూపించమనేవాడు. బల్ల వెనక చూపించేవాణ్ని. ఒకరోజు తనూ చేస్తానని బల్ల పట్టుకొని కిందికి కూర్చున్నాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక మాట రాలేదు. ఒక చెయ్యి బల్ల మీద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకొని, కళ్లు మూసుకొని నిలబడ్డాడు. నేను నవ్వాను. "నీ వంతు వచ్చినప్పుడు ట్రైనర్ ఏడుస్తడన్నా" అన్నాను. ఆయన కూడా నవ్వాడు. వారం కింద డాక్టర్‌కు షుగర్ చూపించుకున్నవాణ్ని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్న మనిషిని చూసి ఏమీ అడగలేదు.

మూడు నెలలు అయ్యాయి. నేను ఏడు కిలోలు తగ్గాను. షుగర్ దిగింది. ఆపితే మళ్లీ పెరుగుతుందేమోనని భయం. ఇంకో పక్క పెళ్లిళ్ల సీజన్. "ఇంకొక్క నెల చేస్తనన్నా" అన్నాను. "చెయ్ చెయ్. నాకు గూడ గిన్నెల గిరాకి ఉంది, ఇప్పుడు పోరాదు" అన్నాడు. నాలుగో నెల అయింది. ఐదో నెల నేను అడగను కూడా లేదు. ఆయనా కుర్చీ ఖాళీ చెయ్యమనడం మానలేదు.

ఒక్కసారి మాత్రం అడిగాడు. చాయ్ తాగుతూ, నవ్వుతూనే.

"ఏం తమ్మీ, నా వంతు గీ జన్మల వస్తదా?"

"వచ్చే నెల ఒకటో తారీఖు సంది నువ్వే అన్నా. ట్రైనర్‌కు చెప్త."

"చెప్పు మరి. బూట్లు కొనాలె."

ట్రైనర్‌కు చెప్పాను. అది మాత్రం చెప్పాను. ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులు ఉండగా అన్న పోయాడు.

ఆ రోజు కూడా పది ఇరవై ఐదుకు వచ్చాడు. ఎప్పుడూ ఉండే కేక లేదు, మెల్లగా "ఖాళీ చెయ్" అన్నాడు. నేను పట్టించుకోలేదు. నెలకొకసారి ట్రైనర్ టేపు పెట్టి ఛాతీ, నడుము, తొడ కొలుస్తాడు. ఆ రోజు కొలిచే రోజు. కసరత్తు పదకొండున్నరకు అయిపోయింది. తర్వాత కొలిచాడు. నడుము రెండు ఇంచులు తగ్గింది. మళ్లీ కొలవమన్నాను. అద్దం ముందు ఫోటో తీయించుకున్నాను. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. కిందికి దిగేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ.

దుకాణంలో అడుగుపెడుతూనే "అన్నా, రెండించులు!" అన్నాను. ముఖం చూడకముందే అన్నాను.

"మంచిగైంది," అన్నాడు.

అప్పుడు చూశాను. ఆయన అంగీ మొత్తం తడిసి ఉంది. ముఖం బూడిద రంగులో ఉంది. లేచి నిలబడి, బల్ల మీది కవర్ నా చేతిలో పెట్టాడు. "గిది ఆకుపచ్చ చీరామెది. లైనింగ్ రెండు మీటర్లు కోసిన. కూరగాయలకు పోయింది, అస్తది, ఇయ్యి. నాకు జర గ్యాస్ వట్టినట్టుంది. దవాఖానకు పోయొస్త. నా దుకాణం జూడు."

నేను ఏం చేశానో చెప్పనా, శ్రీనూ? సాయిలు ఆటో ఆపాడు. అన్న ఎక్కాడు. "నేను రావాల్నా?" అని అడిగాను. "నువ్వత్తె రెండు దుకాణాలు ఎవలు జూస్తరు?" అన్నాడు. నాకు అది సరైన మాటలాగే అనిపించింది. ఆటో పోయింది. ఆయన ఒక్కడే పోయాడు. నేను వచ్చి రెండు గల్లాలూ చూసుకుంటూ కూర్చున్నాను. ఆకుపచ్చ చీరామెకు లైనింగ్ ఇచ్చాను. అన్న దుకాణంలో ఎవరికో ఒక గరిటె కూడా అమ్మాను.

ముప్పావు గంట తర్వాత ఆయన నంబర్ నుంచి ఫోన్. ఎత్తితే వేరే గొంతు. మీరు ఈ మనిషికి ఏమవుతారని అడిగారు.

అప్పుడు రెండు షట్టర్లూ దింపాను. ఎంత సేపు పట్టిందనుకున్నావ్? అర నిమిషం కూడా పట్టలేదు.

డాక్టర్ ఎక్కువ ఏం చెప్పలేదు. నొప్పి మొదలైనప్పుడే తీసుకొచ్చి ఉంటే చూసేవాళ్లమన్నాడు. ఎప్పుడు మొదలైందో సాయిలు చెప్పాడు, దవాఖాన బయట నిలబడి. "పదకొండు గాకముందు సంది ఛాతీ రుద్దుకుంటుండు. సోడా అడిగిండు, ఇచ్చిన. దవాఖానకు పో అన్నా, నేను జూస్త అన్న. 'నీ పాలు మంట మీదున్నయి, నువ్వేం జూస్తవురా, పదకొండున్నరకు వాడస్తడు, అప్పుడు పోత' అన్నడు. పదకొండున్నర సంది రోడ్డు దిక్కే జూసిండు."

ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే, కసరత్తులో ఉన్నప్పుడు నాకు ఫోన్ చెయ్యకూడదని మొదటి రోజే తనే నియమం పెట్టుకున్నాడు. గంట సేపు వాణ్ని దుకాణం మరచిపోనియ్యాలి అని. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఆ రోజు కూడా చెయ్యలేదు.

కోరుట్లకు వేములవాడ మీదుగా పోయాం. వాళ్ల ఇంటి ముందు అందరూ నన్ను చూపించి, "పక్క దుకాణపాయన. ఈయననే దవాఖానకు తోలిండంట, ఆఖరికి ఈయననే ఉన్నడంట" అని చెప్పుకున్నారు. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకొని, "నీ అసొంటోడు పక్కకుండుడు అదృష్టం బిడ్డా" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాదు అని చెప్పలేదు. వదిన గోడకు ఆనుకొని కూర్చొని నా వైపే చూస్తోంది. తల దించుకున్నాను. అందుకే నీకు ఫోన్ చెయ్యలేకపోయాను, శ్రీనూ.

తిరిగి వచ్చాక జిమ్‌కు పోలేదు. ట్రైనర్ నాలుగు రోజులు ఫోన్ చేసి, ఐదో రోజు దుకాణానికే వచ్చాడు. చాయ్ తాగేటప్పుడు అన్న కూర్చునే స్టూలు మీద కూర్చోబోయి ఆగి, నిలబడే మాట్లాడాడు. "నీకొక ముచ్చట చెప్పలే అన్నా. ఆయన ఒక ఐతారం పైకొచ్చిండు, నువ్వు లేనప్పుడు. నా వయసుకు ఏమేం నేర్పిస్తవ్ అని అడిగిండు. బీపీ ఉందంటె, ముందుగాల గుండె పరీక్ష చేపిచ్చుకొని రా చాచా, గా కాయితం జూసినంకనే మొదలువెడ్త అన్న. సరే, నా వంతు వచ్చినప్పుడు చేపిచ్చుకుంట అన్నడు."

నా వంతు వచ్చినప్పుడు. ఆ వంతు రెండు నెలల కిందే రావాలి. నేను ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆయన ఆ పరీక్ష చేయించుకునేవాడు. ఏదైనా దొరికేదో లేదో నాకు తెలియదు, నేను డాక్టర్‌ను కాను. కానీ చేయించుకునేవాడు. మాట అన్నాడంటే చేసే మనిషి.

నెల దినాలు అయ్యాక వదిన దుకాణం తెరిచింది. ఆమెకు గిన్నెల సంగతి తెలుసు, మిషన్ తెలియదు. పాత మూత ఒకటి పెట్టుకొని వంకర టింకరగా అక్షరాలు కొట్టడం నేర్చుకుంటోంది. గోడ అవతల ఆ గర్రుమనే చప్పుడు మళ్లీ మొదలైనప్పుడు నా చేతిలో కత్తెర ఆగిపోయింది. మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు లేచి పోయాను. చెప్పకుండా ఆ చప్పుడు వింటూ ఏళ్లకేళ్లు ఉండలేననిపించింది.

"వదినా, ఆ దినం నేను పదకొండున్నరకు రావాలె. రాలే. ఇరవై అయిదు నిమిషాలు లేటయింది. అన్న నా కోసమే ఆగిండు."

ఆమె మిషన్ ఆపింది. తల ఎత్తలేదు.

"సాయిలు చెప్పిండు. నువ్వు ఎప్పుడు చెప్తవో అని చూస్తున్న," అంది. మళ్లీ తనే అడిగింది. "గా ఇరవై అయిదు నిమిషాలు నువ్వేం జేసినవ్ తమ్మీ?"

"నడుము కొలిపిచ్చుకున్న."

"ఎంత తగ్గింది?"

చెప్పాను. "రెండించులు."

ఆమె మూత మీది స్టీలు పొడిని వేలితో తుడిచింది.

"ఎంబడి ఎందుకు పోలే?"

"దుకాణం జూడుమన్నడు వదినా."

"దుకాణం యాడికి పోతుండె?"

నేను నిలబడే ఉన్నాను. ఏడిస్తే ఆమెను నేనే ఓదార్పు అడుగుతున్నట్టు అవుతుందని ఆపుకున్నాను. ఆమె తిట్టలేదు. శాపం పెట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. మిషన్ వైరు చుట్టి పక్కన పెట్టి, చాలా మామూలుగా చెప్పింది. "ఇయ్యాల్టి సంది నా దుకాణం నువ్వు జూడకు తమ్మీ. నీది నేను జూడ. నాకు పనివడితె తాళమేసుకొని పోత. నువ్వు గూడ గంతే చెయ్."

అప్పటి నుంచి మాటలు ఉన్నాయి, లేకుండా పోలేదు. చిల్లర కావాలంటే అడుగుతుంది. చాయ్ వస్తే నాకూ పంపుతుంది. కానీ దుకాణం చూడొద్దన్న ఆ ఒక్క మాట అంటే ఆ ఒక్క మాటే.

ఇప్పుడు నీ ప్రశ్న. ట్రైనర్‌ను పెట్టుకో శ్రీనూ. మంచిదే. నాకు పనిచేసింది, అబద్ధం చెప్పను. కానీ చేరకముందు గుండె పరీక్ష చేయించుకో, వచ్చే నెల కాదు, ఈ వారం. నీ మెసేజ్‌లో ఇంకో మాట రాశావు, "మా పక్క షాపు మల్లేశం నా గల్లా జూస్తనన్నడు, గందుకే ధైర్యం చేస్తున్న" అని. అది చదివే నేను రెండుసార్లు జవాబు చెరిపేసింది. మల్లేశాన్ని అడగకు. ఆయన చూస్తాడు. చూస్తాడు కాబట్టే అడగకు. షట్టర్ దింపి పో. లేకపోతే ఆయన్ని కూడా తీసుకొని పో. ఇద్దరి షట్టర్లూ దింపి పోండి. నవ్వేవాళ్లు నవ్వనీ.

నేను ఇంకా మళ్లీ మొదలుపెట్టలేదు. రెండు కిలోలు పెరిగాను. పది ఇరవై ఐదు కాగానే గడపవైపు చూస్తాను. ఎవరూ రారు. లేచి షట్టర్ కొక్కెం దాకా చెయ్యి తీసుకుపోతాను, మళ్లీ కూర్చుంటాను.

నిన్న పదిన్నరకు వదిన బయటికి వచ్చింది. షట్టర్ దింపింది. తాళం వేసి రెండుసార్లు గుంజి చూసింది. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. నా వైపు చూడకుండా కొంగు నడుముకు దోపుకొని కాలేజీ గ్రౌండ్ వైపు పోయింది. వారం నుంచి రోజూ ఆ టైంకు పోయి చెప్పులతోనే గ్రౌండ్ చుట్టూ తిరుగుతోందని సాయిలు చెప్పాడు. ఆమె పోయిన కాసేపటికే ఒక ముసలామె కొత్త బిందె ఒకటి పట్టుకొని వచ్చింది. మనవరాలి పెళ్లికట, పేరు కొట్టించాలట. తాళం చూసి నన్ను అడిగింది, "గీ దుకాణపామె ఏది బిడ్డా?"

"గంటల అస్తదవ్వా," అన్నాను.

ఇక ఈమె బజారులో ఇంకో దుకాణానికి పోతుంది అనుకున్నాను. పోలేదు. "గంటనే గద" అని, మూసిన షట్టర్‌కు వీపు ఆనించి, బిందె ఒళ్లో పెట్టుకొని మెట్టు మీద కూర్చుంది. ఎండ ఆమె కాళ్ల మీదికి వచ్చింది, కాళ్లు ముడుచుకుంది. తర్వాత ఇంకొకామె వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏదో ముచ్చట పెట్టుకుంటూ గంట సేపు అక్కడే ఉన్నారు. వాళ్లను చూస్తూ నేను గంట సేపు నా కుర్చీలో కూర్చున్నాను.

శ్రీనూ, నువ్వెప్పుడు వస్తావు? పొద్దున బస్సుకు బయలుదేరి పది ఇరవై ఐదుకల్లా నా కుర్చీ ముందు ఉండేటట్టు రా, షట్టర్ నేను దింపుతా. ఏ రోజు కలుద్దామో చెప్పు.